చుక్కల్లో గుర్రపుశాల

మా ముత్తాతగారు గుర్రమెక్కి సంగం జాగర్లమూడి వైపు వెళుతుంటే కాలువగట్టు మీద బండ్లు పక్కకి తప్పుకునేవి. ఆయన తండ్రిగారి కాలంలో వేమూరు దాకా ఎవరి గట్టు తగాదా అయినా మా చావిట్లోనే తీరేది. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట. మొన్న మా తమ్ముడి మనవడు సోఫాలో పడుకుని, వాళ్ళ మేడ మీద వేసే గదికి పర్మిషన్ వచ్చేసిందంటూ ఫోను చూపించినప్పుడు, అధికారి ఎవరూ గడప తొక్కకుండానే పని అయిపోయిందా అని నాకు కాస్త చిన్నతనంగా అనిపించి, తెనాలిలో మా ఇంటికి కొలతలు చూడ్డానికి మునిసిపాలిటీ ఓవర్సీరుగారు వచ్చిన రోజు గుర్తొచ్చింది.

అరవైలు ముగుస్తున్న రోజులవి. నేను బాపట్లలో కొత్తగా టీచరుగా చేరి, రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్ళివచ్చేదాన్ని. నాన్నగారు అప్పటికే లేరు. నా జీతం, మిగిలిన కాస్త పొలం మీద వచ్చే కౌలు అంత పెద్ద ఇంటికి సున్నం వేయించడానికి కూడా చాలేవి కావు. ఇల్లు అమ్ముతారా అని ఒక బియ్యం వర్తకుడు అప్పుడప్పుడు కబురంపుతూనే ఉండేవాడు. వీధివైపు గదులు అద్దెకిస్తే ఇల్లు నిలుస్తుందని నాయనమ్మ అంది. రేపల్లె నుంచి బదిలీ మీద వస్తున్న ఒక క్రైస్తవ మాస్టారు, ఆయన భార్య ఆ గదులు చూసి ముచ్చటపడ్డారు గాని, మా చావిట్లోంచి రాకపోకలంటే మొహమాటపడ్డారు. బడి తెరిచేలోగా వీధిలోకి వేరే తలుపు పెట్టిస్తే వస్తామని, లేకపోతే ఇంకో ఇల్లు చూసుకుంటామని చెప్పి వెళ్ళారు. గోడ తొలిచి తలుపు పెట్టాలంటే మునిసిపాలిటీ పర్మిషన్ కావాలి, దానికి ప్లాను కావాలి.

తాతగారు ప్లాను గీసే ఆయన్ని ఇంటికే పిలిపించి, పక్కన కుర్చీ వేసుకుని దగ్గరుండి గీయించారు. అయితే ఆయన చెప్పి గీయించింది ఉన్న ఇంటిని కాదు, తన చిన్ననాటి ఇంటిని. ఎప్పుడో తుఫానుకి కూలిపోయిన గుర్రపుశాల ఆ కాగితం మీద పెరట్లో నిక్షేపంగా నిలబడింది. అసలు కావలసిన తలుపు ఒక మూల చిన్న ఎర్రగీతై కూర్చుంది.

ఓవర్సీరుగారు టేపుతో పెరడంతా తిరిగి, బంతిమొక్కల మధ్య ఆగారు.

"గుర్రపుశాల ఎక్కడండి తాతగారూ?"

"మీరు నిలబడ్డది దాని వాకిట్లోనేనండి."

ఆయన కిందకి చూసుకుని, నిజంగానే రెండడుగులు పక్కకి జరిగారు. లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తే పర్మిషన్ ఇవ్వడం కుదరదని, కొట్టేస్తే వెంటనే సంతకం పెడతానని మర్యాదగానే చెప్పారు.

"మా నాన్నగారి శాలని నా చేత్తో కొట్టేయమంటారేంటి?" అంటూ తాతగారు వెన్ను ఇంకా నిటారు చేసి, ప్లాను చుట్టేయబోయారు. బియ్యం వర్తకుడి ముఖం నా కళ్ళముందు మెదిలింది.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి నాయనమ్మ కలగజేసుకుంది. "ఓవర్సీరు బాబూ, ముగ్గుకి ముందు చుక్కలు పెట్టమూ? ఆ శాల చోట చుక్కలు పెట్టెయ్యి. గీతలు ఆయన కలుపుకుంటూ కూర్చుంటారులే, ఆయనకి మాత్రం వేరే పనేముంది!"

ఓవర్సీరుగారు నవ్వాపుకోలేకపోయారు. "పడగొట్టేవాటిని మేమూ చుక్కల్లోనే చూపిస్తామండి మామ్మగారూ. దానికీ కలిపే పర్మిషన్ ఇచ్చేస్తాను."

తాతగారు చుట్టబోయిన ప్లానుని మళ్ళీ పరిచారు. "అంటే, ఆనాడు ఆ తుఫాను పర్మిషన్ లేకుండా పడగొట్టిందన్నమాట" అని ఫకాలున నవ్వారు. నాన్నగారు పోయాక ఆ ఇంట్లో ఆయన నవ్వు వినడం అదే మొదలు. ఓవర్సీరుగారిని టిఫిన్ తినకుండా కదలనివ్వలేదు.

బడి తెరవకముందే తలుపు లేచింది. మాస్టారి భార్య సాయంత్రాలు పాటలు పాడుకుంటుంటే నాయనమ్మ పని మానుకుని వినేది, క్రిస్మస్‌కి వాళ్ళ గుమ్మంలో ముగ్గు తనే వేసేది. తాతగారు ఏనాడూ వాళ్ళని అద్దెవాళ్ళని అనలేదు, మా చుట్టాలనే చెప్పేవారు. మంజూరైన ప్లానుకి పటం కట్టించి చావిట్లో పెట్టి, వచ్చినవాళ్ళందరికీ ఆ చుక్కల మీద వేలు పెట్టి శాల ద్వారం, గడ్డి గది, గుర్రాన్ని కట్టే చోటు చూపించేవారు.

మనవడి ఫోనులో ప్లాను కూడా చూశాను. చక్కగా ఉంది. చుక్కలే లేవు.

తాతగారు, నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఇల్లు నిలిచింది. ఆ తర్వాత మొదట పెరడు అమ్మాం, ఆ పైన ఇల్లు అమ్మాం. వీధి తలుపు ఇంటితోపాటే పోయింది. కొన్నది ఆ బియ్యం వర్తకుడి కొడుకు.