మూడో నంబరు బ్యాటు

రిటైర్మెంటుకు ఏడాది ముందు, పలమనేరు హైస్కూలులో ఫిజికల్ డైరెక్టరుగా ఉన్నప్పుడు, జూలై నెలలో నాకు జిల్లా నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. జిల్లా బాలికల బేస్‌బాల్ జట్టుకు కొనబోయే అల్యూమినియం బ్యాట్లను పోల్చి మార్కులు వేయాలి. ఐదు రకాల నమూనాలు మా స్కూలుకే పంపారు. కమిటీలో ఇద్దరమే: సీనియరు చెంగల్రాయులు సారు, నేను. మాట ఆయనది, రాత నాది.

ఆ జట్టులో సగం మంది నగరి పిల్లలు, మగ్గాల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. అంతకు ముందు ఏడాది బరువు బ్యాట్లు తిప్పలేక రాష్ట్ర పోటీల్లో మొదటి మ్యాచిలోనే ఓడిపోయారు. ఆ బ్యాట్లను ఎంపిక చేసింది క్రికెట్ వాళ్లు. బరువుంటేనే మంచి బ్యాటని మా వాళ్లకు ఒక గుడ్డి నమ్మకం. ఈసారి అలా జరగనివ్వనని పట్టుబట్టాను. నేను పట్టుబడితే వదలనని జిల్లాలో అందరికీ తెలుసు.

కంపెనీ పేర్లు కనబడకుండా ప్లాస్టరు చుట్టి, ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు వేశాను. చిత్తూరు గ్రౌండులో బంతిని నడుము ఎత్తున ఒక గొట్టం మీద నిలిపి, కెప్టెన్ భువన చేత ఒక్కో బ్యాటుతో పదేసి బంతులు కొట్టించాం. బంతి పడిన చోటు దాకా టేపు పట్టి కొలిచాం. మూడో నంబరు అన్నిటికన్నా తేలిక. దాంతో కొట్టిన బంతులే అన్నిటికన్నా దూరం పోయాయి.

"చేతులు జుమ్మనలేదు మేడమ్. ఇదే ఇప్పీండి మాకు," అంది భువన.

చివరిది రింగు పరీక్ష. ఒక ఇనుప రింగు బ్యాటు లావు భాగం మీదుగా జారాలి. సొట్టపడి గుండ్రం చెడితే రింగు ఆగిపోతుంది. అలాంటి బ్యాటును అంపైరు ఆటలోకి రానివ్వడు. నాలుగింటికీ జారింది. మూడో నంబరుకు సగంలో ఆగింది.

"పది దెబ్బలకే నలిగిపోయిందే! రేకు పల్చనమ్మా. కొట్టెయ్ దాన్ని. ఐదో నంబరు బరువుగా ఉండాది, అదే రాయి," అన్నారు సారు.

ఆ సొట్ట భువన కొడితే పడింది కాదు, నేను కొడితే పడింది.

ముప్పై ఏళ్లు క్రికెట్ నేర్పినదాన్ని. కొత్త చెక్క బ్యాటు వస్తే చెక్క సుత్తితో గంటల తరబడి తట్టి గట్టిపరచడం మాకు అలవాటు. ముందు రోజు స్కూల్లో, మూడో నంబరు మరీ తేలికగా ఉందనిపించి, దాన్నీ అలాగే తట్టాను. రేకును తడితే గట్టిపడుతుందా? నా బుద్ధి గడ్డి తినింది. కంటికి సొట్టేమీ కనబడకపోయేసరికి ఆ సంగతే మరిచిపోయాను.

"నేనే గట్టిగా కొట్టేసినానేమో మేడమ్," అని భువన తల దించుకుంది. ఆ మాట విన్నాక కూడా నోరు మూసుకుంటే నేను మనిషినే కాను. అక్కడే, జట్టు పిల్లలందరి ముందూ, జరిగింది చెప్పాను.

సారు ముసిముసిగా నవ్వారు. "నేనైనా అదే చేసుందును. సరేలే, ఇంకోటి తెప్పిద్దాం. ఈ సంగతి కాగితంలో యాలమ్మా? రిటైరయ్యే ముందు రిమార్కు యాల?"

నేను రాశాను. "మూడో నంబరు బ్యాటు మీది సొట్ట, పరీక్షకు ముందు నా సుత్తి దెబ్బల వల్ల పడినది. అదే రకం కొత్త బ్యాటు తెప్పించి మళ్లీ పరీక్షించాలి." కింద సంతకం పెట్టాను. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను. కొత్త బ్యాటూ వచ్చింది. ఈసారి భువన పది కాదు, యాభై బంతులు కొట్టింది. రింగు సర్రున జారింది. దానికి మొదటి స్థానం సారే తన చేత్తో రాశారు.

ఆ ఏడాది తిరుపతిలో జరిగిన రాష్ట్ర పోటీల్లో మా పిల్లలు సెమీఫైనలు దాకా వెళ్లారు. భువన కొట్టిన ఒక బంతి ప్రహరీ గోడ దాటింది. నా గర్వం నేనేమీ దాచుకోలేదు. పక్క జిల్లాల పి.డి.లందరికీ ఆ బ్యాటు చూపిస్తూ తిరిగాను.

వస్తువుకు మార్కులు వేసేటప్పుడు, వేసేవాళ్లు దానికేం చేశారో కూడా కాగితం మీదికి రావాలి. నేను నేర్చుకున్నది ఇదే. మా జిల్లా మార్కుల పత్రంలో ఇప్పుడు మొట్టమొదటి గడి, "పరీక్షకు ముందు ఈ వస్తువును వాడినవారు". నేను పట్టుబట్టి పెట్టించిన గడి అది. ఆ మూడో నంబరు బ్యాటుకు ఎదురుగా అందులో రాసిన మొదటి పేరు నాదే.