గుప్పిట్లో తాళంచెవి

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి. బియ్యం మిల్లులో బాయిలరు బీటలిచ్చిందని ఇన్‌స్పెక్టరుకు ఉన్నమాట చెప్పినందుకు ఓనరు నన్ను పనిలోంచి తీసేసి, సాయంత్రంలోగా మిల్లు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. మాట పడకూడదని పొద్దున్నే ఇంటికి తాళం వేసి, గిన్నెలు గోనెసంచిలో కట్టుకుని, నేనూ మా ఆవిడా తాడేపల్లిగూడెం స్టేషన్లో కూర్చున్నాం. ఏలూరు కోర్టులో స్టే తెచ్చుకోవాలని నా ఆశ.

పక్కన ఖాళీ చేపల తట్టతో ఒక పెద్దావిడ ఉంది. కొల్లేటికోట వెళ్తోందట.

నా చేతిలో తాళంచెవి చూసి, "ఆ తాళంచెవి ఎవరికండీ?" అంది.

"ఏలూరులో ఉండే ఓనరుగారికండి. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఇది ఇచ్చేసి, స్టే కోసం కోర్టుకెళ్తాను."

"అయ్యో, ఇల్లు వదిలేశాక కోర్టు ఇంకేం ఆపుద్దండీ? మేమూ ఇలాగే మర్యాదకి పోయి గుడిసె ఖాళీ చేసి, తరవాత కోర్టుకెళ్లాం. ఖాళీ చేసేశారుగా అన్నారు జడ్జిగారు."

తాళంచెవి నా దగ్గర్నుంచి తీసుకుని మా ఆవిడ చేతిలో పెట్టి, గుప్పిట మూసింది. "నువ్వెళ్లి పొయ్యి వెలిగించమ్మా. ఆయన్ని కోర్టుకెళ్లనీ."

సాయంత్రం స్టే ఆర్డరుతో కోర్టు అమీనాను వెంటబెట్టుకుని వచ్చేసరికి ఓనరు మనుషులు వాకిట్లో ఉన్నారు. మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. లోపల పొయ్యి మండుతోంది. అమీనా ఆర్డరు చదివాక వాళ్లు వెళ్లిపోయారు.

అన్నం అడుగంటింది. నవ్వుకుంటూ ఆ మాడు కూడా గీక్కుని తిన్నాం.