ఇరవై పోగుల మందు

2022లో నేను గద్వాలలోని ఒక ప్రైవేటు దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. కదలని కాళ్లనూ చేతులనూ మళ్లీ కదిలించడం నా పని. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ.

ఆ వానాకాలంలో చీరలు నేసే నర్సింహులన్న ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్‌తో వచ్చి పన్నెండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ప్రాణం దక్కింది. కానీ మెలకువ వచ్చాక చెయ్యి లేపబోతే లేవలేదు. భార్య పద్మమ్మ వదిన బెంబేలెత్తిపోయింది.

"పచ్చవాతమా మేడం? ఈయన లేకుంటె మగ్గం ఎట్ల నడుస్తది? నేనొక్కదాన్నే నేసే చీర కాదది."

పక్షవాతం కాదని చెప్పాను. దీన్ని మేము ఐసీయూ వీక్‌నెస్ అంటాం. జబ్బు ముదిరినప్పుడు కండ కరుగుతుంది. కండ కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే బుల్లి పొయ్యిలు కూడా దెబ్బతింటాయి. పొయ్యి రాజుకోకపోతే సత్తువ ఎక్కడిది? కొద్దికొద్దిగా పని చెబుతూ పోవాలి. అయినా మళ్లీ నేయగలడని మాత్రం మాట ఇవ్వలేకపోయాను.

వార్డుకు మార్చాక, పిడికిలి బిగించమని మెత్తటి రబ్బరు బంతి ఇచ్చాను.

"గిదేంది మేడం? బంతాట ఆడనీకె నేనేమన్న చిన్న పోరన్నా?" అని కింద పడేశాడు. రెండు రోజులు మంచాల కింద దూరి దాన్ని వెతికింది నేనే. ఒళ్లు మండింది.

"మరేం చేస్తవన్నా?"

"పోగులియ్యి, అతుకుత."

మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. మర్నాడు వదిన నూలు కట్ట, వేళ్లకు అద్దుకునేందుకు చిటికెడు బూడిద తెచ్చింది. బూడిద చూసి నర్సు మొహం చిట్లించింది. దిండ్ల ఆసరాతో కూర్చుని అన్న మొదటి పోగు అతికాడు. వార్డంతా చప్పట్లు. నేనైతే నవ్వుతూనే ఏడ్చేశాను.

అక్కడే పప్పులో కాలేశాను. మొదలుపెట్టిన అతుకు సగంలో వదిలి లేవకూడదన్నది వాళ్లింటి పద్ధతి. నేను అటు వెళ్లగానే కట్టంతా అతికేశాడు. మర్నాడు చెంచా కూడా ఎత్తలేకపోయాడు.

"అయిపాయె మేడం, నా చేతులు పోయినయి," అని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఎంత చేయాలో చెప్పకుండా వెళ్లిన తప్పు నాదే.

రెండు రోజుల విశ్రాంతితో వేళ్లు మళ్లీ ఆడాయి. ఈసారి గట్టిగా చెప్పాను. "ఇయ్యాల్టికి ఇరవై పోగులే. మిగిలింది రేపు."

"సగంల ఎట్ల ఇడుస్త? మా నాయిన వింటే తంతడు!"

ఉపాయం వదినదే. ఇంటి దగ్గరే ఇరవై పోగులకో కట్ట కట్టి, రోజుకొకటి తెచ్చేది. "ఇగో, గీ పడుగు గింతే. అయిపాయె, ఇగ పండు," అనేది. పని పూర్తయ్యేది, పద్ధతీ తప్పేది కాదు. వారం తర్వాత కట్టకు ముప్పై పోగులు, ఆ తర్వాత యాభై చేసింది. ఆమె తెలివి ముందు నా డిగ్రీ దండగ అనిపించింది.

అప్పటి నుంచి ఏ పేషెంటుకైనా బంతి ఇచ్చే ముందు నీ చేతులకు వచ్చిన పనేంటని అడుగుతున్నాను. ఆ పనిని ఎక్కడ ఆపాలో కూడా ముందే చెబుతున్నాను.

ఐదు నెలల తర్వాత వాళ్లింటికి వెళ్తే, అన్న మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. పక్కన వదిన అంచు నేసే పోగు చుట్టిన నాడె అందిస్తోంది. గూట్లో మిగిలిన కట్ట ఒకటి కనబడితే, నేనూ అతుకుతానని కూర్చున్నాను. పదిహేను పోగులకే వేళ్లు పట్టేశాయి. పట్టుదలగా ఇంకోటి అందుకోబోతే నర్సింహులన్న కట్ట లాగేసుకున్నాడు.

"ఇయ్యాల్టికి చాలు మేడం," అన్నాడు. "మిగిలింది రేపు."