కింద ఉన్న లేబులు

ప్యాకింగ్ షెడ్డులో ఆమెను అందరూ అంచులక్క అంటారు. పదిహేనేళ్ళుగా డబ్బాలకు చేత్తో లేబుళ్ళు అంటిస్తోంది. మూల లేచిందా, మధ్యలో గాలిబుడగ నిలిచిందా, అంచు వంకర పోయిందా, ఇవే ఆమె చూసేవి. చదువు రాక కాదు. గంటకు రెండొందల డబ్బాలు చేతికింద నుంచి పోతుంటే అక్షరాలు కూడబలుక్కునే తీరిక ఎవరికుంటుంది? లేబులు మీద ఏం రాసుందక్కా అని ఎవరైనా అడిగితే, "నాలుగు మూలలూ బాగున్నాయి" అనేది. తోటివాళ్ళు పడీ పడీ నవ్వేవారు. వాళ్ళకంటే ఆమే ఎక్కువ నవ్వేది.

సొట్టపడిన డబ్బాలు దుకాణాలకు వెళ్ళవు. వాటిని పనివాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళడం అక్కడి అలవాటు. అలా ఎండాకాలం మొదట్లో ఆమె పాలల్లో కలుపుకునే పొడి ఉన్న ఆరు ఆకుపచ్చ డబ్బాలు సంచిలో వేసుకొచ్చింది.

ఆమె భర్త దర్జీ. ముందుగదిలోనే కుట్టుమిషను. ఎనిమిదేళ్ళుగా షుగరు. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవకుండా పారెయ్యని మనిషి. డబ్బాను అటూ ఇటూ తిప్పి, సభలో ప్రసంగం చేస్తున్నట్టు చదివాడు.

"చక్కెర లేదు. నూరు శాతం ప్రకృతి సిద్ధం. రోజుకు రెండు గ్లాసులు తాగండి, రక్తంలో చక్కెర దానంతటదే దిగుతుంది. చూశావటే, నాకోసమే చేసినట్టున్నారు!"

"తాగి చూడండి, ఊరికే వచ్చిందేగా," అంది ఆమె. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా, ఆ పూట నా నోరు పడిపోయినా బాగుండేది అనుకుంటుంది.

రెండు నెలలు గడిచాయి. అతను బిందెల కొద్దీ నీళ్ళు తాగుతుంటే, ఎండలు కదా అనుకుంది. ఒకాయన ప్యాంటు తిరిగి తెచ్చి, ఒక కాలి కుట్టు దారి తప్పిందని చూపించాడు. దారం నాసిరకం అన్నాడు భర్త. తర్వాత బల్బు మీద నెపం పెట్టాడు. ఆపైన, చేతిలో గుడ్డ ఉంది, సూదిలో దారం కాస్త నువ్వెక్కించు అనడం మొదలుపెట్టాడు. ఆమె ఎక్కించి, తన పని చూసుకుంది.

ఒక సెలవురోజు పొద్దున కత్తెర కోసం మిషను సొరుగు లాగింది. బొత్తాల డబ్బా కింద షుగరు మాత్రల అట్టలు దొంతరగా ఉన్నాయి. ఒక్క మాత్రా విప్పలేదు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇవేంటండీ?"

అతను దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "ఆ పొడి తాగుతున్నాను కదా, మళ్ళీ మాత్రలెందుకని. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు."

"మానెయ్యమని డాక్టరు చెప్పాడా?"

"అంత స్పష్టంగా అచ్చేసి చెబుతుంటే డాక్టరెందుకు? నీ చేత్తో అంటించిన లేబులు. దాన్నే నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మమంటావ్?"

ఆమె వంటింట్లోకి పరుగెత్తి, మిగిలిన ఆఖరి డబ్బా అందుకుంది. అలవాటు కొద్దీ బొటనవేలు అంచు మీదికి పోయింది. అంచు మందంగా తగిలింది. ఒక కాగితం కాదు, రెండు. పదిహేనేళ్ళ వేలికి అందులో అనుమానం లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఎండాకాలం ముందు ఒక వారమంతా సూపర్‌వైజరు పాత డబ్బాలు దింపించి, "సరుకు అదేనమ్మా, పేరు మారిందంతే, పైన అంటించెయ్యండి" అన్నాడు. కింది కాగితం ఇసుమంత కూడా కనపడకుండా అంటించినందుకు అందరిముందూ ఆమెను మెచ్చుకున్నాడు కూడా.

నీళ్ళు మరిగించి డబ్బాను ఆవిరికి పట్టింది. అంటించిన చెయ్యే ఒలిచింది. కింద కూడా అదే ఆకుపచ్చ, అంతే పెద్ద అక్షరాలు. తన జీవితంలో మొదటిసారి ఒక లేబులును చివరిదాకా చదివింది. 'గ్లూకోజ్ శక్తి పొడి. ఆటలాడే పిల్లలకు తక్షణ బలం.' అడుగున చీమతలంత అక్షరాల్లో, నూటికి డెబ్బై పాళ్ళు చక్కెర. రోజుకు రెండు గ్లాసులు, రెండు నెలలు. పాలల్లో కలిపి, చల్లార్చి, తానే చేతికందించింది.

తను చెబితే వాదిస్తాడు, అచ్చులో ఉంటే నమ్ముతాడు. అందుకని ఏమీ చెప్పకుండా డబ్బా తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"ఒకసారి చదవండి."

అతను దగ్గరగా పట్టుకున్నాడు. దూరంగా జరిపాడు. కిటికీ వైపు తిప్పాడు. గొంతు సవరించుకుని, అదే ప్రసంగం ధోరణిలో మొదలుపెట్టాడు.

"చక్కెర లేదు. నూరు శాతం ప్రకృతి సిద్ధం. రోజుకు రెండు గ్లాసులు తాగండి, రక్తంలో..."

ఒలిచిన లేబులు ఇంకా ఆమె తడి అరచేతికే అంటుకుని ఉంది. ఇంత భయం ఆమె ఎన్నడూ ఎరగదు. ఆమె చెయ్యి అతని మణికట్టు మీద పడేసరికి అతని చదువు మధ్యలోనే ఆగిపోయింది.

"ఏమే, తప్పు చదివానా?" గొంతులో ఇప్పుడు ప్రసంగం లేదు.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

అతను డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, ఆమె ముఖం ఉందనుకున్న వైపు చూశాడు.

"మూడు వారాలు. ఈ డబ్బా అయిపోయేలోపు సర్దుకుంటుందనుకున్నాను."