గున్నమ్మ పళ్లు, ప్రద్యుమ్న గోళ్లు

నర్సీపట్నంలో తను నీళ్లు పోసిన పిల్లలెంతమందో గున్నమ్మ ఎప్పుడూ లెక్కపెట్టలేదు, దిష్టి తగులుతుందని. ఆవిడ కాళ్ల మీద బోర్లా పడుకుని నూనె రుద్దించుకున్నవాళ్లలో ఇప్పుడు పోలీసులున్నారు, పంతుళ్లున్నారు. ఒకడు బస్సు కండక్టరై, ఎవరో తెలీక ఆవిణ్ణే సీట్లోంచి లేవమన్నాడు. గున్నమ్మది మంచి హస్తవాసి అని ఊరంతా చెప్పుకునేది. ఇప్పుడు తల్లులు ఫోన్లో వీడియోలు చూసి పిల్లలకి తామే పోసుకుంటున్నారు. అరవై ఎనిమిదో ఏట గున్నమ్మకి మిగిలింది ఒక్క ఇల్లు, ఒక్క పిల్లాడు. అదీ పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో ఆవిడకి తెలీదు.

ఆ ఇల్లు రిటైరైన లెక్చరరు దక్షిణామూర్తిగారిది. పిల్లాడు ఆయన మనవడు, ఐదు నెలల ప్రద్యుమ్న. కోడలు లక్ష్మీసాహితి పాయకరావుపేటలోని పుట్టింటి నుంచి మూడో నెలలో పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది. వచ్చిన రోజే అత్తగారు అలివేలుమంగ, మీ ఆయనకి పోసిన చెయ్యే ఇది అంటూ పిల్లాణ్ణి గున్నమ్మ కాళ్ల మీద పడుకోబెట్టేసింది. కోడల్ని అడిగితే కదా.

గున్నమ్మ నోట్లో గారు అన్న మాట గోరు అయిపోతుంది. అమ్మగోరు, బాబుగోరు, సిన్నమ్మగోరు. ఆ ఇంట్లో అందరి పేరు చివరా ఒక గోరుండేది. అసలు గోళ్లు మాత్రం, అంటే పిల్లాడివి, ఎవరు తియ్యాలన్నదే పెద్ద పేచీ.

ప్రద్యుమ్న గోళ్లు చూస్తే కాగితమంత పల్చన, తగిలితే బ్లేడంత వాడి. నిద్రలో చెయ్యి విసిరాడంటే బుగ్గ మీద ఎర్రటి గీత. సాహితి ఆన్‌లైన్లో బుల్లి నెయిల్ కట్టరు తెప్పించింది. అది చూసి అలివేలుమంగ కొడవలిని చూసినట్టు అదిరిపడింది. ఉపమాక వెంకన్న దగ్గర పుట్టువెంట్రుకలు తీయించేదాకా పిల్లాడికి ఇనుము తగలకూడదు, తగిలితే దొంగవుతాడు అని వాళ్ల వంశంలో నమ్మకం. ఆ వంశంలో ఇంతవరకూ దొంగలు లేరు, ఇంకేం రుజువు కావాలి? మరి గోళ్ల మాటేమిటంటే, గున్నమ్మ ఉంది కదా. స్నానం అయ్యాక బుల్లి వేలు నోట్లో పెట్టుకుని ముందుపళ్లతో టిక్కున తుంచేస్తుంది.

మంగళవారం తుంచదు, శుక్రవారం, శనివారం తుంచదు. అమావాస్యకి తుంచదు. పిల్లాడి జన్మనక్షత్రం నాడు గోళ్ల ఊసే ఎత్తదు. ఇన్ని పట్టింపులున్న మనిషికి అడ్డపొగ దగ్గర మాత్రం ఏ పట్టింపూ లేదు. నిప్పున్న కొస నోటి లోపల పెట్టి చుట్ట కాల్చడం నలభై ఏళ్ల అలవాటు. వచ్చేదారిలో ఒకటి కాల్చి, వీధి కుళాయి దగ్గర ఒక్కసారి పుక్కిలించి లోపలికొచ్చేది. ఇనుముకి మైలట, ఆ నోటికి మడట!

సాహితి వద్దని చెప్పి చూసింది. స్నానం అయ్యాక గోరు మెత్తబడి ఉంటుందని, పిల్లాడు నిద్రపోతున్నప్పుడు వేలి కొస చర్మాన్ని కిందికి నొక్కిపట్టి తిన్నగా కత్తిరించాలని, మూలల్లోకి పోకూడదని, నోరు అస్సలు పెట్టకూడదని చదివి వినిపించింది. చదువుకున్న కోడలని అలివేలుమంగ మురిసిపోయింది గానీ ఒక్క ముక్క చెవిన పెట్టలేదు. ఓ మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే సాహితి ధైర్యం చేసి పిల్లాడి ఎడమ బొటనవేలి గోరు కత్తిరించింది. చక్కగా తెగింది. ఆ సంబరంలో కట్టరు మంచం మీదే వదిలేసింది. లేచీ లేవగానే అత్తగారి కంట పడింది అదే.

సరిగ్గా ఆ వారంలోనే పిల్లాడి కుడి చూపుడువేలు ఎర్రగా ఉబ్బింది. గోరు పక్కన చీము పట్టింది. పాలు తాగడు, ఆ చెయ్యి ముట్టుకుంటే గుక్కపట్టి ఏడుస్తాడు. గోరుచుట్టే. నిమ్మకాయ తొడగండి అన్నారు దక్షిణామూర్తిగారు. పిల్లాడి పిడికిలి మొత్తం కలిపినా నిమ్మకాయంత లేదు కనక ఆ వైద్యం అక్కడితో ఆగింది. అలివేలుమంగ కోడలి మీద విరుచుకుపడింది. తను కత్తిరించింది ఎడమ చేతిదని, వాచింది కుడి చేతిదని సాహితి రెండు చేతులూ చూపించింది. ఏ చెయ్యైనా చెయ్యేనంది అత్తగారు. బిడ్డ బాధ ఒకవైపు, ఈ నింద ఒకవైపు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో సాహితికి ఆరోజు తెలిసింది.

గున్నమ్మకి ఆ వేలు గుర్తుంది. మొన్న గురువారం ఆ వేలి గోరు తుంచుతుంటే పక్కన తోలు లేచొచ్చింది. పిల్లాడు కెవ్వుమన్నాడు. ఊదేసి ఊరుకుంది, ఎవరూ చూడలేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇల్లు నిలబడుతుంది, చెబితే పోతుంది. ఆలోచిస్తూనే వాళ్లతోపాటు ఆసుపత్రికి వెళ్లింది, పిల్లాడు ఆవిడ ఒళ్లోనే కాస్త ఊరుకుంటున్నాడని.

డాక్టరమ్మ వేలు చూసి, గోరు ఎవరైనా నోటితో కొరికారా అని అడిగింది. అబ్బే, కట్టరుతో తీసిందండీ మా కోడలు, అంది అలివేలుమంగ. సాహితి తల వంచుకుంది. ఆ వంచిన తల చూశాక గున్నమ్మ ఆగలేకపోయింది.

"నానేనమ్మా. పల్లతోటి కొరికీసినాను, తోలు లేసొచ్చీసింది. సిన్నమ్మగోరు ఆ ఏలు ముట్టనేదు."

డాక్టరమ్మ చీము తీసి, మందు రాసి, నోట్లో క్రిములు గాటులోకి పోతే ఇలాగే అవుతుందని, ఇకమీదట ఎవరూ కొరకొద్దని గట్టిగా చెప్పింది. అదంతా లోకంలో మిగతా నోళ్ల గురించని అలివేలుమంగ తీర్మానించుకుంది. ఇంటికొచ్చేదాకా ఆటోలో ఒకటే మాట: కోడలి మీద మాట పడకూడదని నేరం తన నెత్తిన వేసుకుంది, ఎంత మనసో. గున్నమ్మ ఆటోలో మళ్లీ చెప్పింది. హాల్లో కూర్చుని మూడోసారి చెబితే దక్షిణామూర్తిగారు కళ్లు తుడుచుకున్నారు. అలివేలుమంగ బొట్టు పెట్టి కొత్త చీర చేతిలో పెట్టింది. నలభై ఏళ్లు ఏం చెప్పినా నమ్మిన ఇల్లు, నిజం చెప్తే నమ్మలేదు. గున్నమ్మకి సిగ్గేసింది. ఇల్లు మిగిలినందుకు, దాచడమెందుకు, సంతోషం కూడా వేసింది.

గేటు దాకా సాహితి వచ్చింది, నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని.

"నువ్వు చెప్పింది నిజమని నాకు తెలుసు మామ్మా. నువ్వు చెప్పకపోతే ఈ ఇంట్లో జన్మంతా నాకీ మాట తప్పేది కాదు," అంది. గున్నమ్మ ప్రాణం లేచొచ్చింది. ఒక్కరైనా నమ్మారు. సాహితి పిల్లాడి చేతి తొడుగు సర్దుతూ, తల ఎత్తకుండా అంది. "రేపట్నించి వీడికి నీళ్లు నేనే పోసుకుంటాను. అత్తయ్యగారికి నేను చెప్పుకుంటాలే."

గున్నమ్మ చీర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. పిల్లాణ్ణి ముట్టుకోబోయి మానేసింది.

"నుదుటి మీద సెయ్యి అడ్డెట్టి పొయ్యమ్మా," అంది. "కంట్లో నీల్లు పడితే ఆడికి బయం."