యూసుఫ్ మిస్త్రీ ఇంట్లో సముద్రం

తాండూరులో రాయి కోసే మిషన్ ఏది మొరాయించినా ముందు గుర్తొచ్చేది యూసుఫ్ మిస్త్రీ. కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పడకపోతే బ్లేడు మాడిపోతుంది, బండ పగులుతుంది, షావుకారు గుండె అంతకంటే ముందే పగులుతుంది. ఆ నీళ్లు తోడే పంపులన్నిటికీ యూసుఫే వైద్యుడు. మనిషి బంగారం. పంపుల సంగతి వస్తే మాత్రం ఒకరి మాట వినే రకం కాదు. నీళ్లు ఎంత జోరుగా కొడితే పంపు అంత మంచిదని ఆయన గట్టి నమ్మకం.

ఆయన భార్య రుఖియా పుట్టి పెరిగింది బొంబాయి మాహింలో. తండ్రిది తాండూరే గాని, హమాలీ పనికని రేవుకు పోయి అక్కడే ఉండిపోయాడు. పెళ్లయి వచ్చాక రుఖియాకు ఈ ఊరు బాగానే పట్టింది. ఇక్కడి కందిపప్పు నచ్చింది, ఇరుగుపొరుగు నచ్చారు, కాస్త ఆలస్యంగానైనా యూసుఫ్ కూడా నచ్చాడు. లేనిదల్లా సముద్రం. సాయంత్రం గడపలో కూర్చుని, "గీ టైముకు మా దిక్కు మస్తు గాలొస్తది" అనేది. ఆ గాలి రాకపోవడం తన తప్పే అయినట్టు యూసుఫ్ తల గోక్కునేవాడు.

రుఖియా అన్న ఖుర్షీద్ బొంబాయిలో రంగు చేపలు, పిట్టలు అమ్మే దుకాణంలో పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా ఒకటే పాట: ఈ దుమ్ములో ఏముంది, బొంబాయికి వచ్చేయండి, పని నేను చూస్తాను అని. ఎనభై మూడులో రంజాన్ పండుగకు ఆయన బొంబాయి బండి దిగినప్పుడు చేతిలో మిఠాయి లేదు. ప్లాస్టిక్ క్యాన్ల నిండా సముద్రపు నీళ్లు, సంచుల్లో పగడపు రాళ్లు, ఇంకో సంచిలో నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న రెండు చేపలు, ఒక సముద్రపు పువ్వు. అది పేరుకే పువ్వు, నిజానికి వేళ్లలాంటి రేకులున్న ప్రాణి. ఆ చేపలు దాని ఒళ్లోనే కాపురం ఉంటాయి. పోయినసారే చెప్పి వెళ్లాడు గనక, వికారాబాదులో అద్దాలు బిగించే శివయ్య చేత యూసుఫ్ పెద్ద గాజు తొట్టి చేయించి, నాపరాయి అరుగు మీద సిద్ధంగా పెట్టాడు.

పక్కింటి మొగులమ్మ వచ్చి నోరెళ్లబెట్టింది. "ఓయమ్మ! సంద్రాన్ని రైల్ల తెచ్చిండ్రా? టికెట్ కొన్నరా లేదా?"

ఖుర్షీద్ నవ్వి, బావ వైపు తిరిగాడు. "మిస్త్రీ, దీనికి కదిలే నీళ్లు కావాలె. ఆగిన నీళ్లల్ల సచ్చిపోతది. ఇగో, చిన్న పంపు తెచ్చిన."

ఆ పంపు అరచేతిలో పట్టేంత ఉంది. యూసుఫ్ దాన్ని తిప్పి చూసి, "ఇది పంపా? పాపం, పాలు తాగే పిల్ల లెక్కుంది" అని పక్కన పడేశాడు.

"గట్లనా? అయితే సవాల్. నేను బక్రీద్‌కు మళ్ల వస్త. అప్పటికి గీ పువ్వు బతికి ఉంటే బొంబాయి మాట జన్మల ఎత్తను. సచ్చిందనుకో, ఇద్దరూ పెట్టె బేడ సర్దుకొని నాతోని బండెక్కాలె."

యూసుఫ్ రోషంతో "మంజూర్!" అన్నాడు. అనేశాక గాని తానేం ఒప్పుకున్నాడో తెలియలేదు. ఆయనకు తాండూరు తప్ప ఇంకో ఊరు తెలియదు. వాళ్లమ్మ సమాధి ఇక్కడ ఉంది. పొద్దున్నే రాయి మిషన్ల రొద వినకపోతే ఆయనకు చాయ్ కూడా రుచించదు. రుఖియా ముఖం చూశాడు. ఆమె చేపలను చూసి నవ్వుతోంది.

ఉప్పునీళ్లకు ఇనుము తుప్పు పడుతుందని తెలిసినవాడు కనుక, లోపల ఫ్యాను, పైన డొప్ప అన్నీ ప్లాస్టిక్‌వే ఉన్న పంపు ఎక్కడినుంచో సంపాదించాడు. పైపు చివర సన్నగా చేసి, బ్లేడు మీద పడ్డట్టే నీటిధార సరిగ్గా పువ్వు మీద పడేలా బిగించాడు. స్విచ్ వేయగానే నీళ్లు ఎగిరి గోడ మీది గడియారాన్ని తడిపాయి. చేపలు అద్దానికి అతుక్కుపోయాయి. పువ్వు రేకులన్నీ లోపలికి లాక్కుని పిడికిలిలా ముడుచుకుంది.

"నీళ్లు సాల్తలేవు" అన్నాడు యూసుఫ్.

అనడా మరి! బ్లేడు పొగలు కక్కితే వాల్వు ఇంకాస్త తిప్పడమే ఆయన ఎరిగిన వైద్యం. మర్నాడు ధార ఇంకా పెంచాడు. పువ్వు ఇంకా ముడుచుకుంది. ఆ మర్నాడు పాలిపోయింది కూడా. ఊరంతటికీ పంపులు బాగుచేసేవాడు ఇంట్లో పువ్వు ముందు కూలబడి, "నీకేం తక్కువ చేసిన చెప్పు?" అని బతిమాలుకున్నాడు. గిన్నెలు తోముతున్న రుఖియాకు నవ్వు ఆగలేదు.

చివరికి గర్వం దిగమింగి ఆ చిన్న పంపే పెట్టాడు. అదీ కుదరలేదు. నీళ్లు పొద్దస్తమానం ఒకే వైపు పోయేవి. పువ్వు గాలికి వంగిన జొన్నకర్రలా ఒక పక్కకు వాలింది, రెండో పక్క మూలలో నాచు పేరుకుంది. బక్రీద్ దగ్గరికొస్తోంది. యూసుఫ్‌కు అన్నం సయించడం లేదు. రుఖియా మాత్రం రోజూ తొట్టిలో తగ్గిన మట్టానికి వాననీళ్లు పోస్తూ, చేపలతో మాహిం కబుర్లు చెప్పేది. ఆ కబుర్లు వింటుంటే యూసుఫ్‌కు ఇంకా బెంగ.

ఒక మధ్యాహ్నం ఊళ్లో కరెంటు పోయింది. ఆయన కార్ఖానాలో పని ఆపి, ఉరుకులు పరుగులతో ఇంటికి వచ్చాడు. వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

రుఖియా స్టూలు మీద కూర్చుని, గ్లాసుతో తొట్టిలో నీళ్లే ముంచి మళ్లీ అందులోనే పోస్తోంది. ఒకసారి ఈ మూల, ఒకసారి ఆ మూల. మొగులమ్మ ఏదో చెబితే చెయ్యి ఆపి నవ్వడం, గుర్తొచ్చి గుబుక్కున ఇంకో గ్లాసు పోయడం. పువ్వు పూర్తిగా విచ్చుకుని, రేకులు అటూ ఇటూ ఊపుతోంది. చేపలు దాని నడుమ దోబూచులాడుతున్నాయి.

"ఏం చేసినవ్?" అన్నాడు యూసుఫ్.

"ఏం జెయ్యలె. కరెంటు లేదు గద, ఊపిరాడదని పోస్తున్న. సముద్రం గిట్లనే ఉంటది కదా? ఒకసారి వస్తది, జర ఆగుతది, మళ్లొస్తది. మీ పంపులకు ఆగుడే ఎరుక లేదు."

ఆ మాటతో ఆయన ఇన్నేళ్ల విద్య తలకిందులైంది. పట్టరాని సంతోషంతో గ్లాసు లాక్కుని తానే పోశాడు. "అబ్బ, గంత ఎత్తుకెంచి కాదు!" అని కసురుకుంది రుఖియా.

ఇక ఆయన చేతులు ఊరుకోలేదు. తాళ్లు, సీసం ముక్కలు, డాల్డా ప్లాస్టిక్ డబ్బా పోగేసి, తొట్టి మీద డబ్బాను ఇరుసుకు వేలాడదీశాడు. చిన్న పంపు మెల్లగా డబ్బాలోకి నీళ్లు ఎక్కిస్తుంది. నిండగానే బరువుకు డబ్బా తలవంచి గుబుక్కున కుమ్మరించి, ఖాళీ అయ్యాక మళ్లీ లేచి కూర్చుంటుంది. కింద పగడపు రాళ్లను అటూ ఇటూ పేర్చి, వచ్చిన అల రాళ్లకు తగిలి నాలుగు దిక్కులకు చీలేలా చేశాడు. ఆ పాలు తాగే పిల్ల పంపే చాలింది.

మొదటి అల పడ్డప్పుడు రుఖియా వంటింట్లో రొట్టె కాలుస్తోంది. చప్పుడు విని పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. కళ్లు మూసుకుని ఇంకో అల విన్నది, ఇంకోటి విన్నది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. యూసుఫ్‌కు సంబరమూ భయమూ కలిసి వచ్చాయి. పువ్వు బతుకుతుంది సరే, ఈ చప్పుడు విన్న మనిషి ఇక మాహిం పోకుండా ఉంటుందా?

బక్రీద్‌కు ఖుర్షీద్ వచ్చాడు. విప్పారిన పువ్వును, గుబుక్కుమంటున్న డబ్బాను వంగి వంగి చూశాడు. తర్వాత బావను కౌగిలించుకున్నాడు. "ఓడిపోయిన మిస్త్రీ. బొంబాయిల గిసొంటిది నేను చూడలె." అని, చెల్లెలి వైపు తిరిగాడు. "సవాల్ సంగతి పక్కకు పెట్టు. నిన్నొక్కదాన్నే అడుగుతున్న రుఖియా. నీ మనసుల ఏముంది? వస్తనంటే ఇద్దర్నీ తీసుకపోత."

యూసుఫ్ తల వంచుకున్నాడు. ఆమె ఊఁ అంటే కాదనే ధైర్యం ఆయనకు లేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సగం నిండిన డబ్బా అలాగే నిలిచిపోయింది. ఖుర్షీద్ ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు. రుఖియా మాత్రం లేచి స్టూలు జరుపుకుంది, గ్లాసు అందుకుంది.

"చూసినవ్ గద, భాయ్‌జాన్. నేను పోతే దీనికి నీళ్లెవరు పోస్తరు? ఈయనకు చేతనైతదా? గడియారం దాక కొడ్తడు."

"కరెంటు వచ్చేదాక అంతేనాయె. వచ్చినంక?"

రుఖియా ఒక గ్లాసు ఈ మూల పోసింది, జర ఆగింది, ఇంకో గ్లాసు ఆ మూల పోసింది.

"వస్తే మళ్ల పోదా?" అంది.