విమానాలొచ్చే రోజు

తొంభైల్లో ఏటా డిసెంబరులో నేవీ విమానాలు మా జాలరిపేట మీదుగా విన్యాసాలు చేసేవి. మంచంపట్టిన మా మామ్మ, పొగ పైకి కనబడుతుందని ముందు పొయ్యి ఆర్పించేది. రెండో ప్రపంచ యుద్ధంలో జపానువాళ్లు హార్బరు మీద బాంబులేసినప్పుడు, మామ్మవాళ్లు నడవలేని తండ్రిని గుడిసెలో వదిలేసి ఇంటిల్లిపాదీ పారిపోయారట. తిరిగొచ్చేసరికి ఆయన చనిపోయి ఉన్నాడట.

ఒక ఏడు, "నన్నొగ్గీసి ఎల్లిపోకురా," అంటూ నా చెయ్యి పట్టుకుంది.

"ఇయి మన ఇమానాలే మామ్మా! సూసొచ్చెత్తాను," అని విడిపించుకుని బీచ్‌కి పరిగెత్తాను.

వచ్చేసరికి ఆమె గుమ్మం దాకా పాకి, అక్కడే పడి ఉంది. అరచేతుల నిండా ఇసుక. ఎత్తి పడుకోబెట్టాను గానీ, తప్పయిందని అనలేదు.

మరుసటి ఏడు పక్కనే కూర్చున్నాను. విమానాలొచ్చాయి. ఆమె నా చెయ్యి వెతకలేదు. మంచం పట్టెను పట్టుకుంది.